సోదె అంటే చొక్కా చెయ్యి

ఆరు వందల జపాను మాటలు కంఠస్థం చేసిన మనిషి ఎలా ఉంటుందో చూడాలంటే, ఆ బట్టల ఫ్యాక్టరీ రెండో అంతస్తులో, శాంపిల్ గదిలో, కిటికీ పక్కనున్న మిషను దగ్గరికి వెళ్తే సరిపోయేది. అక్కడ నలభై ఏడేళ్ళ ఒకావిడ తల వంచుకుని కుడుతూ, పెదవులు కదుపుతూ ఉండేది. చూసినవాళ్ళు జపం చేస్తోందనుకునేవారు. ఆ ఆరు వందల్లో ఏదో ఒకటి పైకి చెప్పమని అడిగితే మాత్రం ఆమె మిషను ఆపి, చెమట తుడుచుకుని, దారం తెగిందని అబద్ధమాడేది.

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అనేవారు. శాంపిల్ గదికి రాకముందు పదహారేళ్ళ పాటు కింది అంతస్తులో, లైన్‌లో, కాలర్లు కుట్టడమే ఆమె పని. లైన్ అంటే ఒకరు జేబు కుట్టి పక్కవాళ్ళకి అందిస్తే, వాళ్ళు భుజం కుట్టి ఇంకొకరికి అందించడం. చొక్కా అక్కడ ముక్కలుగా వస్తుంది, ముక్కలుగా పోతుంది. రోజుకు నాలుగు వందల కాలర్లు. పదహారేళ్ళలో ఒక పెద్ద ఊరి జనమందరి మెడలూ తన చేతుల మీదుగా వెళ్ళి ఉంటాయని, ఒక్కరి మొహం కూడా చూసిన పాపాన పోలేదని ఆమె తన మీద తనే జోకులేసుకునేది.

మూడేళ్ళ కిందట ఆమెను శాంపిల్ గదికి మార్చారు. ఏ కంపెనీ ఆర్డరిచ్చినా ముందు ఒక్క చొక్కా నమూనాగా కుట్టి చూపించాలి. ఆ ఒక్క చొక్కానూ మొదట్నుంచి చివరిదాకా ఒకే మనిషి కుడుతుంది. మొదటి రోజు ఆమె కుట్టిన చొక్కాను హ్యాంగరుకు తగిలించి, గుండీలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, వెనక్కి తిప్పి చూసి, ఇంటికెళ్ళాక మొగుడితో, "ఇవాళ నేను చొక్కా కుట్టాను" అంది.

మొగుడు నీళ్ళ మీటర్ల రీడింగు తీసుకునే ఉద్యోగి. అంకె తప్ప మరేదీ ఆశ్చర్యపరచని మనిషి. "మరి పదహారేళ్ళుగా ఏం చేస్తున్నావు?" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండింది గానీ, నిజానికి ఆమెకూ అదే అనుమానం. అందుకే ఆ గది ఆమెకు అంత ఇష్టం. అక్కడికొచ్చాకే తను దర్జీననిపించింది.

ఆ గదికే ఎసరొచ్చింది. జపాను కంపెనీ ఒకటి పెద్ద ఆర్డరు ఇవ్వబోతోందని, వాళ్ళ తనిఖీ అధికారి ఆరు నెలలు ఈ గదిలోనే కూర్చుని శాంపిళ్ళు చేయిస్తుందని మేనేజరు ఒక పొద్దున వచ్చి చెప్పాడు. ఆవిడకు పక్కన దుబాసీ ఉండటం ఇష్టం లేదట. కుట్టే మనిషితో నేరుగా మాట్లాడాలట.

"గదిలో ఆరుగురున్నారు. ఇద్దరే ఉంటారు," అన్నాడు మేనేజరు. "మూడు నెలల టైముంది. ఆరు వందల మాటల లిస్టు ఇస్తాం. ముందు రాత పరీక్ష. తర్వాత ఆవిడే వచ్చి ఒక్కొక్కరి చేత కొంచెం కుట్టించి చూస్తుంది. నచ్చినవాళ్ళకి మొత్తం చొక్కా కుట్టమని చెబుతుంది. ఎవరికి చెబితే వాళ్ళు పైన. మిగతావాళ్ళు కిందికి, లైన్‌లోకి."

అందరూ నోరెళ్ళబెట్టారు. మేనేజరు గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఇంకో మాట. ఆవిడ ముందు లేదు, కాదు, బాలేదు అన్న మాటలు రాకూడదు. వాళ్ళు ఏం తెచ్చినా బ్రహ్మాండం. అర్థమైందా?"

కింద లైన్‌లో కాలర్ల మిషను ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఇప్పుడెవరో కూర్చుంటున్నారు గానీ, కుర్చీ మీద దిండు మాత్రం ఈమెదే. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆ దిండును చూసి ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. లిస్టు చేతిలో పట్టుకుని, 'ఆరు వందలు కాదు, ఆరు వేలైనా మింగేస్తాను' అనుకుంది. మింగడమైతే నిజంగానే మింగింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

చిన్నప్పుడు బడిలో ఆమె బట్టీ పట్టడంలో ఘనాపాఠి. ఎక్కాలు, పద్యాలు, దేశాల రాజధానులు గడగడా అప్పజెప్పేది. అర్థం అడిగితే మళ్ళీ మొదట్నుంచి అప్పజెప్పేది. ఇప్పుడూ ఆ విద్యనే బయటికి తీసింది. ఒక పొడుగు నోటుపుస్తకం కొని, ప్రతి జపాను మాట పక్కనా దానికి దగ్గరగా వినబడే తెలుగు మాట ఒకటి రాసుకుంది.

ఆమె దృష్టిలో జపాను భాష తెలుగు వాళ్ళకోసమే పుట్టినట్టుంది. చొక్కా చెయ్యిని వాళ్ళు సోదె అంటారు. చేతులూపుతూ చెప్పేదే సోదె కాబట్టి అది సులువు. నడుమును కోషి అంటారు. నడుం దగ్గర గుడ్డను కోసి కుడతాం. దారం ఇతొ. ఇటో అటో పోయేదే కదా దారం. సూది హరి. గుచ్చుకుంటే హరీమనడమే. ఏడవడం నకు. నాకు కాక ఇంకెవరికొస్తుంది ఏడుపు. దయచేసి అనడానికి కుదసాయ్. కుదిరితే సాయం. క్షమించమనడానికి సుమిమసేన్. తప్పైపోయింది సుమీ. కుట్టడం నూ. ఎవరు కుట్టాలి? నువ్వే. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది మొత్తం అనే మాట, జెంబు. చెంబు నిండా అని పక్కన రాసుకుని, కింద రెండు గీతలు గీసింది.

ఇంట్లో కూర కలుపుతూ ఇదే, బట్టలు ఆరేస్తూ ఇదే. ఫార్మసీ చదువుతున్న కూతురు రెండు వారాలు సాయం చేసి, ఒకరోజు పుస్తకం మూసేసింది.

"అమ్మా, నేనొకటడుగుతా చెప్పు. నాకు దారం ఇవ్వండి. జపానులో ఎలా అంటావ్?"

కాలరక్క కళ్ళు పైకి తిప్పింది. నాకు అంటే ఏడవడం. దారం అంటే ఇటో అటో. ఇవ్వండి అనేది మూడో పేజీలో కింది నుంచి నాలుగోది. మూడూ ఒకేసారి గొంతులోకి వచ్చి ఇరుక్కున్నాయి.

"మాటలన్నీ వచ్చు," అంది చివరికి.

"వచ్చు సరే, ఎప్పుడు బయటికొస్తాయి?" అంది కూతురు.

ఇంట్లో ఆ భాష నిజంగా నేర్చుకున్నది ఒక్క అత్తగారే. ఎనభై ఏళ్ళ ఆవిడ మంచం మీద పడుకుని కోడలి గొణుగుడు వింటూ ఐదారు మాటలు పట్టేసి, మర్నాటి పొద్దుటి నుంచే వాడకంలో పెట్టేసింది. మందు బిళ్ళ ఇస్తే "అరిగాతో" అనేది. కర్ర ఎవరి కాలికైనా తగిలితే "సుమిమసేన్ నాయనా" అనేది. పాలు పోసే అతను బిత్తరపోయి చూస్తే, "జపాను బాబూ, మా కోడలు నేర్చుకుంటోంది, నేను మాట్లాడుతున్నాను" అని చెప్పేది. ఆ మాట కాలరక్కకు ఎక్కడో తగిలింది. అయినా అత్తయ్యకి వ్యాకరణం తెలియదు కదా అని సర్దుకుంది. తనకు తెలుసా అంటే, తనకూ తెలియదు. తెలియదన్న సంగతి తనకు తెలుసు, అదొక్కటే తేడా.

ఫ్యాక్టరీలో వారానికి రెండు రోజులు పని అయ్యాక క్యాంటీన్‌లో ఒక అమ్మాయి భాష నేర్పేది. మొదటి వారమే అందరినీ వరసగా "ఒగెంకి దెస్ క?" అని అడిగింది. కులాసానా అని. జవాబు ఏమిటో కాలరక్కకు తెలుసు. నోరు తెరిచింది. తెరిచాక, ముందు 'అవును' అనాలా వద్దా, వంగాలా వద్దా, ఎంత వంగాలి అని ఒక్క క్షణం ఆలోచించింది. ఆ క్షణంలో ఆ అమ్మాయి పక్క కుర్చీకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బస్సులో నాలుగు స్టాపులు దాటాక ఆమెకు నోరు పెగిలి, "హాయ్, గెంకి దెస్!" అని పైకే అనేసింది, అవును, కులాసానే అని. పక్క సీటాయన సంచీ తీసుకుని వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాడు.

ఆమెకు అస్సలు మింగుడుపడని మనిషి జేబుల తమ్ముడు. శాంపిల్ గదిలో ఆమె ఎదుటి మిషను అతనిది. లైన్‌లో ఉన్నప్పుడు జేబులు కుట్టేవాడు కాబట్టి ఆ పేరు. ముప్పై ఐదేళ్ళుంటాయి. అతనికి వచ్చినవి నలభై మాటలు, వాటితోనే గంటసేపు మాట్లాడేవాడు. ఒకరోజు వాన పడుతుంటే తన దగ్గర గొడుగు ఉందని చెప్పబోయి, "నేను గొడుగును" అని జపానులో ప్రకటించాడు. భాష నేర్పే అమ్మాయి కడుపుబ్బ నవ్వి, సరిదిద్దింది. అతనూ నవ్వి, సరిగ్గా మళ్ళీ చెప్పి, ఆ పూటకు ఒక వాక్యం సంపాదించుకుని ఇంటికెళ్ళాడు.

కాలరక్క నోటుపుస్తకం వెనక పేజీలో 'ఇతరుల తప్పులు' అని ఒక పట్టీ ఉండేది. తేదీతో సహా రాసేది. గొడుగు సంగతి అందులో పదిహేడోది. జేబుల తమ్ముడివి పదకొండు, మిగతావాళ్ళవి ఆరు. తనది ఒక్కటీ లేదు. అది చూసుకుని చాలా రోజులు మురిసిపోయింది. నోరే తెరవని మనిషి తప్పు మాట్లాడే అవకాశం లేదని, ఆ లెక్కన క్యాంటీన్‌లో కుర్చీలు కూడా తప్పు లేకుండానే జపాను మాట్లాడుతున్నాయని ఆమెకు తట్టడానికి రెండు నెలలు పట్టింది. తట్టిన రోజు ఆ పేజీ చించేసింది. చించాక మళ్ళీ పక్కనున్న బల్ల కింద దాచింది, అంత కష్టపడి రాసింది కదా అని.

రాత పరీక్షలో యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. గదిలో మొదటి స్థానం. జేబుల తమ్ముడికి పంతొమ్మిది. ఫలితాలు చెప్పిన మేనేజరు, "చూశారా, కాలరక్క కాలరెగరేసింది" అన్నాడు. ఆమె ఆ రోజంతా నేల మీద నడవలేదు. సాయంత్రం భాష నేర్పే అమ్మాయి క్యాంటీన్ గుమ్మంలో ఎదురై, మెచ్చుకుంటూ జపానులో ఏదో అంది. కాలరక్క చక్కగా నవ్వి, తలూపి, బస్సు దొరకదన్నట్టు పరుగెత్తింది. బస్సు అరగంట తర్వాత.

ఆ అరగంటా స్టాపులో నిలబడి ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఇన్నాళ్ళూ మాటలు రాకపోతే ఏం చేయాలని భయపడింది. ఇప్పుడు మాటలన్నీ వచ్చాయి. వచ్చినా తను మూగదే. వారం తిరిగేసరికి ఆ జపానావిడ ఎదురుగా కూర్చుంటుంది. నలభై ఎనిమిది మార్కుల కాగితాన్ని మొహం మీద అంటించుకుని కూర్చోవడానికి కుదరదు. కింద లైన్‌లో ఆ దిండు, ఆ మిషను, రోజుకు నాలుగు వందల మెడలు. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. నకు అనుకుంది. కనీసం ఈ మాటకి సందర్భం దొరికిందిలే అని, ఏడుస్తూనే నవ్వుకుంది.

జపానావిడ వచ్చింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మెళ్ళో కొలత టేపు వేలాడేసుకుని, అచ్చం కింది అంతస్తులోని సూపర్‌వైజరమ్మలా ఉంది. ఒక పీట తెచ్చుకుని మిషను పక్కనే కూర్చుంది. భాష నేర్పే అమ్మాయిని బయటికి పంపేసింది. మేనేజరు గోడకు ఆనుకుని, జపాను వాళ్ళ ముందు ఎలా నవ్వాలో అలా నవ్వుతూ నిలబడ్డాడు. ఒక్కొక్కరికీ చొక్కా ఒళ్ళు, ఒక చెయ్యి ముక్క ఇచ్చి అతకమంటోంది. తను జపాను నుంచి తెచ్చిన కాగితం నమూనా కొలతలతో కత్తిరించిన ముక్కలవి.

జేబుల తమ్ముడు ముందు వెళ్ళాడు. వాన గురించి, భోజనం గురించి, తన కూతురి గురించి ఏవేవో తప్పుల తడకలు మాట్లాడుతూ ఎనిమిది నిమిషాల్లో అతికించేశాడు. ఆవిడ నవ్వుతూ ఏదో అంది. అతను బయటికొచ్చి, "అక్కా, మొత్తం చొక్కా కుట్టమంది!" అన్నాడు. తర్వాత నలుగురు వెళ్ళారు. నలుగురికీ ఆవిడ మర్యాదగా వంగి నమస్కరించింది, అంతే. ఇంకొక్క చోటు మిగిలింది. ఇంకొక్క మనిషి మిగిలింది.

కాలరక్క కూర్చుంది. ఆవిడ "కొన్నిచివా" అంది. అది మొదటి పేజీలో మొదటి మాట, నమస్కారం. కాలరక్క పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. ఆవిడ కాసేపు చూసి, గుడ్డలు చేతికిచ్చి, మిషను వైపు చూపించి, "నుత్తె కుదసాయ్" అంది.

కుదసాయ్ తెలుసు. కుదిరితే సాయం. దయచేసి. నుత్తె? ఆరు వందల్లో నుత్తె లేదు. ఆమె పేజీలన్నీ లోపల్లోపల తిరగేసింది. లేదు. అసలు సంగతేమిటంటే, కుట్టడం అనే నూ మాటే వాడుకలోకి వచ్చేసరికి నుత్తె అయింది. మన కుట్టు కూడా కుట్టి, కుడితే, కుట్టవమ్మా అని నానా వేషాలూ వేస్తుంది. పుట్టినప్పట్నుంచీ ఆ వేషాలు చూస్తున్న మనిషికి, ఇంకో భాష కూడా వేషాలు మారుస్తుందన్న అనుమానం మూడు నెలల్లో ఒక్కసారీ రాలేదు. కంగారులో ఆమె చెవికి వినబడింది ఒక్కటే. నత్తే.

నత్త. కుదిరితే సాయం.

ఆమెకు దారి దొరికినట్టయింది. తన వేగం గురించి ఈవిడకు ముందే చెప్పి ఉంటారు. రోజుకు నాలుగు వందల కాలర్ల చెయ్యి కదా. ఈవిడకి వేగం నచ్చదు. దయచేసి నత్తలా కుట్టమంటోంది. ఎంత మర్యాదస్తురాలు!

కాలరక్క నత్తలా కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు వేయడం, ఆగడం. గుడ్డను చేత్తో నిమరడం, మళ్ళీ నాలుగు. పంతొమ్మిదేళ్ళలో ఆమె కాలు ఏ పెడలునూ అంత మెల్లిగా ఎప్పుడూ తొక్కలేదు. మిషను ముసలివాడు దగ్గినట్టు శబ్దం చేసింది. మేనేజరు నవ్వు ఒక పక్క నుంచి జారిపోయింది. వెనక నుంచి చేత్తో కానీ, కానీ అని సైగ చేశాడు. గుమ్మంలోంచి జేబుల తమ్ముడు, "అక్కా, మిషను చెడిందా?" అని గుసగుసలాడాడు. జపానావిడ వాచీ చూసుకుంది. ఆవిడకు చిరాకొచ్చిందని కాలరక్క అనుకోలేదు. ఎంత మెల్లిగా కుడుతోందో కొలుస్తోందనుకుని ఇంకాస్త తగ్గించింది.

పది నిమిషాలయింది. చంక గుండ్రం సగం దాటింది. అప్పుడు ఆమె వేలికి తెలిసింది. చెయ్యి ముక్క ఎక్కువగా ఉంది. చంక ముందే తరిగిపోతోంది, చెయ్యి ఇంకా మిగిలిపోతోంది. అరవేలంత. వేగంగా కుట్టే చేతికి అది తెలియదు. చేతులే దాన్ని లాగి, నొక్కి, సర్ది, అదనాన్ని లోపల దాచేస్తాయి. ఇందాక ఐదుగురూ అలాగే దాచి ఉంటారు, తమకే తెలియకుండా. తనైనా అంతే చేసి ఉండేది. ఇస్త్రీ చేస్తే బాగానే కనబడుతుంది. రెండుసార్లు ఉతికాక భుజం దగ్గర ముడతలు లేస్తాయి. వేల చొక్కాలకు లేస్తాయి.

ఆమె మిషను ఆపింది. తప్పు కత్తిరింపుది కాదు. అతుకు కోసం అంచున పెట్టిన గాట్లు సరిగ్గానే ఉన్నాయి. కాగితంలోనే ఉంది తప్పు. వాళ్ళు తెచ్చిన కాగితంలో.

"దోషిమష్త క?" అంది జపానావిడ.

ఏమైందీ అని అడగడమది. కాలరక్కకు అందులో దోషి అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినబడింది. ఆమెకు చెవుల దాకా వేడెక్కింది. ఇంతసేపు కూర్చోబెట్టి చివరికి దోషిని కూడా చేసింది ఈవిడ! మామూలుగా అయితే ఆమె నీళ్ళు నమిలేది. దారం తెగిందనేది. కానీ అన్యాయంగా నింద పడ్డ మనిషికి ఎక్కడి నుంచో ఒక తెగింపు వస్తుంది. దోషిని నేనా? మీ కాగితమా?

నలభయ్యో పేజీలో ఒక మాట ఉంది. బాగాలేదు, పనికిరాదు అనడానికి. దమె. దాని పక్కన ఆమె, 'ఇది అనడానికి దమ్ముండాలి' అని రాసుకుంది. గోడ దగ్గరున్న మేనేజరు ఆమె మొహం చూసి ఏదో పసిగట్టి, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపుతున్నాడు. ఊరుకుంటే లైన్‌లోకి. ఆ మాట అంటే కూడా లైన్‌లోకే కావచ్చు. కాకపోతే తను కుట్టిన చొక్కా ఎక్కడో ఎవరి భుజం మీదో ముడతలు పడి ఉండటం, అది తనకు తెలిసి ఉండటం ఆమెకు సహించలేదు. వంగాలా వద్దా అని ఆలోచించలేదు. తెలుగులో ఎలా అంటుందో అలాగే, ఆ వరసలోనే, మాటలు పెట్టేసింది.

"కొనొ సోదె, దమె," అంది. ఈ చెయ్యి బాలేదు.

"చంపావ్ కదమ్మా," అన్నాడు మేనేజరు, పళ్ళ మధ్య నుంచి.

జపానావిడ కనుబొమలు పైకి లేచాయి. "దొకొ?" అంది. ఎక్కడ?

"కొకొ," అంది కాలరక్క. ఇక్కడ. సుద్దముక్కతో గీత పెట్టింది. ఇక్కడి నుంచి ఇక్కడికి. వేలు పట్టి చూపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మెళ్ళో టేపు తీసి చంక కొలిచింది, చెయ్యి కొలిచింది. కాగితం తెప్పించుకుని దాన్నీ కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఇందాక జేబుల తమ్ముడు కుట్టింది తీసి భుజం దగ్గర లోపలికి తిప్పి చూసింది. లోపల దాక్కున్న అదనం అక్కడే ఉంది. తర్వాత పెన్సిల్ తీసి కాగితం మీద సన్నగా కొత్త గీత గీసింది.

అప్పుడు కాలరక్క వైపు తిరిగి, "నజె, యుక్కురి?" అని అడిగింది. యుక్కురి ఆమెకు తెలుసు. మెల్లిగా. ఉక్కిరిబిక్కిరికి పూర్తిగా ఉల్టా కాబట్టి సులువుగా గుర్తుండిపోయింది. ఎందుకంత మెల్లిగా కుట్టావు అని.

ఏం చెబుతుంది? మీరే కదా నత్తలా అన్నారు? నత్తకు జపానులో మాట తెలియదు. లిస్టులో గుండీలున్నాయి, జిప్పులున్నాయి, నత్తలు లేవు. ఆమె సుద్ద తీసుకుని మిషను బల్ల మీద నత్త బొమ్మ వేసింది. చుట్ట, రెండు కొమ్ములు. తన చెవి చూపించింది.

"మీరు నుత్తె," అంది తెలుగులో. తర్వాత తనని తనే చూపించుకుంటూ, "వతాషి..." అని బొమ్మ మీద వేలు పెట్టి, "కికిమష్త," అంది. నేను, ఇది, విన్నాను.

ఆవిడ బొమ్మ చూసింది. ఆమె మొహం చూసింది. సగం కుట్టిన చెయ్యిని చూసింది. "కతత్సుమురి!" అని అరిచి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కాలరక్క కూడా నవ్వింది, సిగ్గుతో సగం, తేలికతో సగం. మూడు నెలల్లో తన గురించి ఆమె ఒకరికి చెప్పిన మొదటి కబురు తను పప్పులో కాలేశానన్నదే. అది ఎదుటి మనిషికి అర్థమైంది కూడా. నోటుపుస్తకంలో లేని ఆ కొత్త మాటను, కతత్సుమురిని, ఆమె లోపల ఒకసారి అనుకుంది. దానికి తెలుగులో ఏం పెట్టుకోవాలో తోచలేదు. అవసరం కూడా అనిపించలేదు.

ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా మేనేజరు కూడా నవ్వు మొదలుపెట్టాడు, కొంచెం ఆలస్యంగా. ఆవిడ సరిదిద్దిన కాగితాన్ని చుట్టి కాలరక్క చేతిలో పెట్టి, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"షత్సు. జెంబు. నుత్తె కుదసాయ్."

ఆవిడ లేచి నీళ్ళు తాగడానికి బయటికెళ్ళింది. మేనేజరు గోడ వదిలి మిషను దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెకు పనులు చెప్పడమే గానీ ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు గొంతు తగ్గించి, కొంచెం వంగి, "ఏమంటోందమ్మా ఆవిడ?" అన్నాడు.

కాలరక్క కాగితాన్ని బల్ల మీద పరిచి రెండు చేతులతో సాపు చేసింది.

"చొక్కా మొత్తం కుట్టమంటోంది సార్," అంది. "నన్నే."